బేరికర్ర ముద్ర

మోయలేనంత బరువున్న పిండితొట్టిని వీపున కట్టుకుని తీసుకెళ్ళిన మనిషి, గుప్పిట్లో పట్టే ముద్రని ఎందుకు వదిలేసి వెళ్ళింది? మరిచిపోయిందా? ఇచ్చేసిందా? ఇక దాన్ని పట్టుకునే చెయ్యి తనది కాదనుకుందా? ఆ ఇంటి కోడలు యాగొదాకి ఇన్నేళ్ళ తర్వాత కూడా తెలియదు. ఈ కథ చెప్పేవాళ్ళకీ తెలియదు.

అలా వెళ్ళినామె యాగొదా అత్తగారు స్టామెంకా. ఆమెది కొలుబారా ఏటికి ఎగువన, కొండవాలు మీద ఆల్‌బుఖరా తోటల మధ్య ఉన్న ఊరు. ఆ ఊరి చర్చిలో ఆదివారం ప్రార్థనకి కావలసిన రొట్టె ఆమె చేతి మీదుగానే వెళ్ళేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ పని ఆమె అత్తగారిది. అత్తగారి వేళ్ళు వంకర్లు తిరిగి పిండి పిసకడానికి లొంగనప్పుడు, బేరికర్రతో చెక్కిన ముద్రని కోడలి చేతిలో పెట్టి, "పిసికేటప్పుడు నోరు మూసుకో" అని ఒక్క మాట అందట. ఉపదేశమంతా అంతే. స్టామెంకా దాన్ని జీవితమంతా పాటించింది. శనివారం మధ్యాహ్నం స్నానం చేసి, ఉతికిన తలగుడ్డ కట్టుకుని, తొట్టి ముందు నిలబడిందంటే ఇక ఇంట్లో మాట వినపడేది కాదు. ఆమె మొగుడు బతికున్న రోజుల్లో, వారమంతా శనివారం కోసమే ఎదురుచూస్తానని సారా అంగట్లో చెప్పి నవ్వించేవాడు.

పిండిని రెండు బిళ్ళలుగా చేసి, ఒకదాని మీద ఒకటి అతికించి, పైన పిండి చల్లి ముద్ర నొక్కేది. క్రీస్తు పేరులోని అక్షరాలు తిరగబడి చెక్కిన ముద్ర అది. రొట్టె మీద పడ్డప్పుడు సరిగ్గా కనిపించేవి. పొయ్యిలో పొంగి అక్షరాలు చెదరకుండా సన్నటి పుల్లతో నాలుగు వైపులా పొడిచేది. దేవుడు లేడనే ప్రభుత్వం వచ్చి, చర్చికి వెళ్ళేవాళ్ళని ఆఫీసుల్లో వింతగా చూసే కాలం ఒకటి వచ్చింది. అప్పుడు కూడా ఆమె రొట్టెని శాలువా కింద పెట్టుకుని వెళ్ళింది. ఎవరైనా ఎదురై అడిగితే, కోడిగుడ్లు అనేది.

యాగొదా పట్నం నుంచి వచ్చిన కోడలు. పళ్ళు నిలవచేసే శీతల గిడ్డంగిలో రాస్ప్‌బెర్రీలు ఏరే పని చేసేది. కాపురానికి వచ్చిన మొదటి శనివారం, తెలియక, వంటింట్లోకి పాట పాడుకుంటూ వచ్చింది. అత్తగారు ఆ పిండిని పందులకి వేసి మళ్ళీ మొదటి నుంచి కలిపింది. ఆదివారం భోజనాల దగ్గర, "మీ పట్నంలో రొట్టె కొట్లో పుడుతుందిలే, పాపం నీకేం తెలుసు" అంది. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య పెద్ద ప్రేమా లేదు, పెద్ద గొడవా లేదు. ఒక ఇంట్లో రెండు గడియారాలు వేరు వేరు సమయాలు చూపిస్తూ తిరిగినట్టు ఉండేవాళ్ళు.

దూన్యా పుట్టాక ఆ రెండూ ఒకే సమయం చూపించడం మొదలుపెట్టాయి.

బీరువా మీద పెడితే గదంతా పరిమళించే సీమదానిమ్మ లాంటి పండొకటి ఆ దేశంలో ఉంటుంది. పిల్లకి దాని పేరే పెట్టారు. పేరుకి తగ్గట్టు గుండ్రంగా, పసుపు పచ్చగా పుట్టింది. స్టామెంకా దాన్ని "నాన్నా" అనే పిలిచేది. రాదిసావ్‌ని, అంటే తన సొంత కొడుకుని, చిన్నప్పుడు ఒక్కసారైనా అలా పిలిచిందేమో అతనికి గుర్తులేదు.

పాలు మాన్పించి తిండి అలవాటు చేశాక పిల్ల ఎదుగుదల ఆగిపోయింది. చేతులూ కాళ్ళూ పుల్లల్లా అయ్యాయి. పొట్ట మాత్రం డోలులా ఉబ్బింది. తిన్నదల్లా నీళ్ళలా పోయేది. నవ్వడం మానేసి, పొయ్యి పక్కన పిల్లి దగ్గర కూర్చుని గోడవైపు చూసేది. ఊరు దిష్టి అంది. స్టామెంకా నీళ్ళగిన్నెలో నిప్పులు ఆర్పుతూ ఒక్కొక్క నిప్పుకి ఒక్కొక్కరి పేరు చెప్పేది. పక్కింటి నాదా పేరు చెప్పినప్పుడు నిప్పు గట్టిగా చుయ్యిమందని ఆర్నెల్లు ఆమెతో మాట్లాడలేదు. ఇక బలానికి ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన తిండి ఒకటే, నిలవ రొట్టెని పాలల్లో వేసి ఉడికించిన జావ. నానమ్మ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్పూను తర్వాత స్పూను తినిపించేది. తిన్నాక పిల్ల కడుపు పట్టుకుని ఏడిచేది. నీరసం వల్ల ఏడుస్తోందని ఇంకో స్పూను పెట్టేది.

చివరికి బెల్‌గ్రేడ్‌లో పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తల్లీ తండ్రీ చాలుగదా అంటే స్టామెంకా వినలేదు, నల్లబట్టలు కట్టుకుని బస్సెక్కింది. అక్కడ పిల్ల చేత సన్నటి గొట్టం మింగించి, పేగులోంచి ఆవగింజంత ముక్క తీసి చూశారు. డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. పేగు లోపలి వైపు కొత్త తువ్వాలులా నూగుతో ఉంటుందట. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునేది ఆ నూగే. గోధుమ, రై, బార్లీ గింజల్లో ఉండే జిగురు ఈ పిల్ల ఒంటికి పడదు. అది లోపలికి వెళ్ళినప్పుడల్లా ఒళ్ళు శత్రువుని చూసినట్టు తన మీద తనే తిరగబడి ఆ నూగుని అరగదీసుకుంటుంది. ఇప్పుడది పాత తువ్వాలులా బోడిగా ఉంది. ఎంత పెట్టినా ఒంటికి పట్టదు. దీనికి మందు లేదు. ఆ గింజలు మానేస్తే నూగు మళ్ళీ మొలుస్తుంది, పిల్ల అందరిలాగే పెరుగుతుంది. కానీ జీవితాంతం మానాలి, పిసరు కూడా తగలకూడదు.

అంతా విన్నాక స్టామెంకా అడిగింది. "మరి రొట్టె?"

"రొట్టె కూడానమ్మా."

"తెల్లది?"

"ఏ రొట్టెయినా."

తిరుగు బస్సులో ఆమె చాలాసేపు కిటికీలోంచి కోతలైన గోధుమచేలని చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరికి వచ్చాక, "గోధుమ ఏం చేసిందట ఈ పిల్లకి" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

గోధుమ ఏం చెయ్యలేదని, పిల్ల ఒంటికే పడదని యాగొదా చెప్పింది. పడకపోవడం ఏమిటని ముసలామె గొణిగింది. రోజూ ప్రార్థనలో దేవుణ్ణి అడుక్కునేది ఆ రొట్టెనే కదా అంది.

గొణిగిందే గాని, మర్నాటి నుంచి ఆ ఇంట్లో దూన్యా తిండికి కాపలా ఆమే. వాగు పక్క మరలో గోధుమ ఆడిన రాళ్ళ మీదే మొక్కజొన్న కూడా ఆడతారని గుర్తొచ్చి, ఆ పిండి వద్దంది. బజారుకి వెళ్ళి కాఫీగింజలు విసిరే ఇత్తడి చేతిమర కొత్తది కొనుక్కొచ్చింది. మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని, మోకాళ్ళ మధ్య మర పెట్టుకుని, పిల్ల జావకి సరిపడా మొక్కజొన్న విసిరేది. గుప్పెడు పిండికి గంట పట్టేది. పిల్ల గిన్నెకి ఎర్ర దారం కట్టింది. తన శనివారం పనిని పెరటికి అవతలున్న ఎండాకాలపు వంటగదికి మార్చుకుంది. పని అయ్యాక అక్కడే బట్టలు మార్చుకుని, తల దులుపుకుని, మోచేతుల దాకా కడుక్కుని గాని ఇంట్లో అడుగుపెట్టేది కాదు.

ఒకరోజు పక్కింటి నాదా బిస్కెట్లు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. స్టామెంకా గేటు తియ్యలేదు.

"ఒక్క బిస్కెట్టుకి ఏమవుతుందే, నువ్వూ నీ డాక్టర్లూ" అంది నాదా.

"నీ మొగుడికి ఒక్క గుక్క సారాకి ఏమైందో అదే అవుతుంది. పో."

నాదా మొగుడు మానేశానని ఒట్టేసి మళ్ళీ మొదలుపెట్టాడని ఊరందరికీ తెలుసు. నాదా బిస్కెట్లు తనే తింటూ వెళ్ళిపోయింది. లోపల యాగొదా నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. అత్తగారి మాటకి మనసారా నవ్వడం ఆమెకి అదే మొదటిసారి.

క్రిస్మస్‌కి పిల్ల కొంచెం తేరుకుంది. పిల్లిని ఎత్తుకుని వసారా అంతా తిరిగింది. ఆ తర్వాత ఎందుకో అక్కడే ఆగిపోయింది. బరువు పెరగలేదు. పొట్ట మళ్ళీ ఉబ్బడం మొదలుపెట్టింది. బెల్‌గ్రేడ్‌లో డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఎవరో పెడుతున్నారు, అంది. ఇలాగే సాగితే పిల్ల ఎదగదు, ఎముకలు గుల్లబారతాయి, ఏ జ్వరానికీ తట్టుకోలేదు అంది.

ఆ చలికాలం ఇంట్లో ఎవరూ ఎవరినీ నమ్మలేదు. యాగొదా మొగుడి కోటు జేబులు వెతికింది. అతను ట్రాక్టరు మీద పిల్లని ఎక్కించుకుని సంతకి తీసుకెళ్ళిన రోజు ఏం కొనిపెట్టావని నిలదీసింది. అతను ఆపిల్ అన్నాడు. ఒట్టు వెయ్యమంది. అతను ఒట్టేసి, ఆ రాత్రి ఏమీ తినకుండా పడుకున్నాడు. స్టామెంకా అయితే ఎవరూ అడగకుండానే తూర్పు గోడ మీద ఉన్న తమ ఇంటి సాధువు పటం ముందుకి వెళ్ళి నిలబడింది. ఈ ఇంట్లో ఒక్క రొట్టెముక్క ఈ పిల్ల నోట్లోకి వెళ్ళలేదు, నేను కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాను, అంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ రోజు కూడా చెప్పలేదు.

వసంతంలో ఒక ఆదివారం అందరూ చర్చికి వెళ్ళారు. ప్రార్థన అయ్యాక వరసలో నిలబడి, ఫాదర్ తిహోమిర్ చేతి నుంచి నాఫోరా పుచ్చుకున్నారు. చర్చి రొట్టెలో మిగిలిన భాగాన్ని దీవించి, ముక్కలుగా కోసి పంచుతారు. అది నాఫోరా. ప్రసాదం లాంటిది. దూన్యా తండ్రి చేతుల్లోంచి వంగి ఫాదర్ చేతిని ముద్దు పెట్టుకుని నోరు తెరిచింది. ఆయన చిన్న ముక్క పెట్టి తల నిమిరాడు. వెనక నిలబడ్డ యాగొదాకి పిల్ల కోటు కాలరు మీద పొడి కనిపించింది. నెలల తరబడి బల్లల మీదా కుర్చీల మీదా రొట్టెపొడి కనిపిస్తే తుడిచి తుడిచి చేతికి అలవాటైపోయింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది. కాలరు మీద ఆగిపోయింది.

ఆ ఇంట్లో రోజు ఎలా మొదలవుతుందో అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం తెచ్చిన నాఫోరాని స్టామెంకా గోరంత ముక్కలుగా తుంచి, పొయ్యి మీద అరలో ఎండబెట్టి, గాజుసీసాలో పోసి, సాధువు పటం కింద పెట్టేది. పొద్దున్నే పరగడుపున ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక ముక్కా, ఒక గుక్క తీర్థమూ. రాదిసావ్ బూట్లు తొడుక్కుంటూ నోరు తెరిచేవాడు. యాగొదా జడ వేసుకుంటూ నోరు తెరిచేది. మొహం కడుక్కోవడం లాంటిదే అదీ. దూన్యాకి కూడా.

ఇంటికొచ్చాక యాగొదా అత్తగారిని వసారాలోకి పిలిచింది. దారంతా మాటలు కూర్చుకుంది గాని నోటికి వచ్చింది ఒకటే.

"అత్తయ్యా, పొద్దున్నే దూన్యాకి ఏం పెడతారు?"

"ఏం పెడతాను, జావ. నువ్వు చూడట్లేదూ."

"దానికి ముందు?"

"దానికి ముందు ఏముంటుంది, నాఫోరా…"

మాట నోట్లో ఉండగానే ఆమెకి వినపడింది. బెంచీ మీద కూర్చుంది. "అది రొట్టె కాదే" అంది. కోడల్ని ఒప్పించడానికన్నట్టు లేదు. ఎవరైనా అవునంటారేమోనని వెతుక్కుంటున్నట్టు ఉంది. ఆ పిండి ఏ సంచిలోదో, ఎన్నిసార్లు జల్లించిందో, ఎవరు పిసికారో ఆమెకి చెప్పవలసిన పని లేదు.

"దానికి రెండు ముక్కలు వేసేదాన్ని" అంది చివరికి. "తొందరగా బాగవ్వాలని."

యాగొదా చలికాలం నుంచి దాచుకున్న కోపమంతా ఎవరి మీదో ఒకరి మీద వెయ్యాలని చూస్తూ ఉండింది. ఆ మనిషి దొరికాక, ఆమె పక్కనే కూర్చోవడం తప్ప ఏమీ చేతకాలేదు. "నేనూ చూశాను అత్తయ్యా. రోజూ నా కళ్ళెదుటే. మీ అబ్బాయి చూశాడు. ఫాదర్ చేత్తోనే పెట్టాడు. ఎవరికీ కనపడలేదు" అంది.

దీవించిన రొట్టెని పారెయ్యకూడదు. కోళ్ళకి వెయ్యకూడదు. స్టామెంకా సీసా దించి ఒళ్ళో పెట్టుకుని, మిగిలిన ముక్కలన్నీ ఒక్కొక్కటే, కింద పొడి రాలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని తినేసింది. సీసాని వేడినీళ్ళతో కడిగి, తీర్థం పోసి, మళ్ళీ పటం కింద పెట్టింది. మర్నాడు విషయం విన్న ఫాదర్ తిహోమిర్ చాలాసేపు గడ్డం నిమురుకుని, బిషప్‌గారిని అడుగుతాననీ, అప్పటిదాకా పిల్లకి చెయ్యి కడుక్కుని తల మీద పెట్టి దీవిస్తాననీ అన్నాడు.

ఎండాకాలానికి దూన్యా బుగ్గలు తిరిగాయి. గొడవ చెయ్యడం మొదలుపెట్టింది. పిల్లి తోక లాగింది, చెర్రీ చెట్టెక్కి దిగలేక అరిచింది. అది అరుస్తుంటే యాగొదా వెంటనే దించలేదు. కాసేపు ఆ గొంతు వింటూ నిలబడింది.

స్టామెంకా మాత్రం పిల్లని ముట్టుకోవడం మానేసింది. జావకి విసరడం మానలేదు. గిన్నె ముందు పెట్టి, చేతులు ఆప్రాన్ కింద దాచుకునేది. పిల్ల ఒళ్ళోకి ఎక్కబోతే, అమ్మ దగ్గర కూర్చో నాన్నా, అనేది. పంపు దగ్గర ఆమె చేతులు కడుక్కునే చప్పుడు రోజంతా వినపడుతూనే ఉండేది. చర్మం పగిలి ఎర్రగా అయ్యింది. నానమ్మకి నా మీద కోపమా అని దూన్యా ఒకరోజు తల్లిని అడిగింది. యాగొదా ఆ మాటని మార్చకుండా అలాగే తీసుకెళ్ళి అత్తగారికి చెప్పింది. ఆ సాయంత్రం ముసలామె అరచేతిని చొక్కా చేతి అంచులోకి లాక్కుని, గుడ్డ చాటునుంచి పిల్లకి వేలు అందించింది. ఇద్దరూ అలాగే తోట చివరిదాకా వెళ్ళొచ్చారు.

శరత్కాలం వచ్చింది. ఆ ఊళ్ళో ఒక్కొక్క ఇంటికీ కాపుగా పటంలో ఒక్కొక్క సాధువు ఉంటాడు. ఆయన పండుగ నాడు కోసే రొట్టె స్టామెంకా చేత చేయించుకుంటే ఇంటికి మంచిదని నమ్మకం. ఆడవాళ్ళు గిన్నెల్లో తమ పిండి తెచ్చేవారు. ఎండాకాలపు వంటగదికి వెళ్ళమంటే సరేనంటారు, మళ్ళీ అలవాటుగా ఇంటి గుమ్మంలోనే నిలబడి కబుర్లు చెప్తారు. గిన్నె ఒక చంక నుంచి ఇంకో చంకకి మారుతుంది. పిండి మెట్ల మీద రాలుతుంది. యాగొదా తడిగుడ్డతో తుడిచేది, ఇంకొకరు వచ్చేవారు. ఒకనాడు దూన్యా ఆ మెట్టు మీద కూర్చుని, రాలిన పిండిలో వేలితో పిల్లి బొమ్మ గీస్తూ కనిపించింది. గీసి వేలు నోటి దగ్గరికి తీసుకెళ్తోంది. పెరటి అవతల నుంచి స్టామెంకా పరుగెత్తుకొచ్చింది. పిల్ల వేలు పట్టుకుని, చేతికి గుడ్డ అడ్డం లేదని కూడా మరిచిపోయి, పంపు కింద పెట్టి కడుగుతూ ఉండిపోయింది. తప్పు చేశాననుకుందో ఏమో దూన్యా, "అది ఉత్త పిల్లి బొమ్మే నానమ్మా" అంది.

ఆ మధ్యాహ్నం మొక్కజొన్న విసురుతూ స్టామెంకా కోడలితో, "నేనున్నంతకాలం పిండి నన్ను వెతుక్కుంటూ ఈ గుమ్మానికి వస్తుంది" అంది.

మానెయ్యమంది యాగొదా. ఊరికి ఇంకొకరు దొరుకుతారంది.

"మానేశానంటే ఎందుకు మానేశావని అడగడానికి వస్తారు. గిన్నె పట్టుకునే వస్తారు."

"అయితే ఏం చేస్తారు? మిమ్మల్ని ఎవరూ ఎక్కడికీ పొమ్మనలేదు."

"నువ్వు అనలేదులే" అంది ముసలామె. మర తిప్పడం ఆపి కోడలి మొహంలోకి చూసి నవ్వింది. "కొత్తలో అనుంటే బాగుండేది. ఎంత పోట్లాడేదాన్నో."

గట్టు దాటితే అవతలి ఊళ్ళో ఆమె పుట్టిల్లు ఉంది. తమ్ముడు పోయాక తాళం వేసి ఉంది, పెరట్లో రొట్టెల పొయ్యి ఇంకా నిలిచే ఉంది. కప్పు బాగుచెయ్యమని ఆ వారం కొడుకుని పంపింది. చలికాలం సరుకులు పెట్టుకోవడానికేమో అనుకున్నాడు రాదిసావ్. యాగొదాకి అనుమానం వచ్చింది. అడిగితే నిజమవుతుందని అడగలేదు.

ఒక తెల్లవారుజామున యాగొదాకి రొట్టె వాసనకి మెలకువ వచ్చింది. గోధుమది కాదు. వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి మంట పెద్దగా ఉంది. బల్ల మీద ఎర్ర దారం కట్టిన గిన్నె, దాని పక్కన ఉతికిన గుడ్డలో చుట్టిన చిన్న మొక్కజొన్న రొట్టె. విప్పి చూస్తే వేడిగా ఉంది. మీద ముద్ర నొక్కి ఉంది. మొక్కజొన్నకి జిగురు లేదు కాబట్టి అక్షరాలు నిలవలేదు. పగుళ్ళు వచ్చి, ఒక మూల మాత్రం గీత ఏదో పోల్చుకోవడానికి మిగిలింది. ఆ రొట్టె పక్కనే ముద్ర. గాడుల్లో ఏళ్ళ తరబడి ఇరుక్కున్న పిండి పుల్లతో తీసేసి ఉంది. బాగా ఉడకబెట్టినట్టుంది, ఇంకా తడిగా ఉంది. తడిసిన కర్ర వాసన వేస్తోంది.

మరిచిపోయింది అనుకుంది యాగొదా. ముద్ర పట్టుకుని చెప్పుల్లేకుండా గుమ్మంలోకి వచ్చింది.

స్టామెంకా గేటు దగ్గర ఉంది. నల్ల తలగుడ్డ, చేతిలో బుట్ట, వీపు మీద తాళ్ళతో కట్టుకున్న పిండితొట్టి. ఆ గేటు తీస్తే కీచుమంటుంది, పిల్ల లేస్తుంది. అందుకని బుట్ట కింద పెట్టి, రెండు చేతులతో గేటుని పైకెత్తి, కొంచెం కొంచెంగా జరిపి, అవతలికి వెళ్ళి, మళ్ళీ అలాగే ఎత్తి మూసింది. యాగొదా పిలవబోయింది. వెనక గదిలో దూన్యా పక్క మీద దొర్లిన చప్పుడయ్యింది. నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

ముసలామె బుట్ట తీసుకుంది. వెనక్కి చూడలేదు. ఆల్‌బుఖరా చెట్ల మధ్య నుంచి గట్టు వైపు ఎక్కుతుంటే, వీపు మీది తొట్టి ఎవరో పసిబిడ్డ ఉయ్యాలని మోసుకెళ్తున్నట్టు కొంచెం అటూ కొంచెం ఇటూ ఊగుతూ పోయింది.